క్లాసిక్ కార్ల క్లబ్ పత్రికలో చిన్న ప్రకటనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్లబ్ పత్రికలో అమ్మకాలు, కొనుగోళ్ల పేజీలు చూసుకునే పని చాలాకాలంగా నాది. సభ్యులు ఫోన్ చేసి, ఉత్తరం రాసి, కార్ల ప్రదర్శన దగ్గర ఆపి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. జవాబులన్నీ ఒకచోట ఉంటే అందరికీ పనికొస్తాయని ఇది రాస్తున్నాను. రుసుము, పదాల పరిమితి ఒక్కో క్లబ్‌లో ఒక్కోలా ఉంటాయి, అవి మీ సంపాదకుణ్ని అడగండి. మిగతాది ఏ క్లబ్‌కైనా, ఏ కారుకైనా ఒకటే.

ఇంటర్నెట్‌లో పెడితే బోలెడంత మంది చూస్తారు కదా. కొద్దిమంది చదివే క్లబ్ పత్రికలో ప్రకటన ఎందుకు?

చూసేవాళ్లు ఎంతమంది అన్నది ఒక లెక్క, తెలిసి చూసేవాళ్లు ఎంతమంది అన్నది ఇంకో లెక్క. బ్రిటన్‌లో ఎంజీ కంపెనీ చేసిన ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు 1962లో వచ్చింది. మొదట్లో దాని ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసును, అంటే క్రాంక్‌షాఫ్ట్‌ను, మూడు మెయిన్ బేరింగులు మోసేవి, 1964 చివర్లో వాటిని ఐదు చేశారు. "ఐదు బేరింగుల ఇంజిన్" అని బయట ఎక్కడ రాసినా చదివేవాళ్లకు పట్టదు. ఎంజీ క్లబ్ పత్రికలో రాస్తే ఆ ఒక్క మాటకే ఫోన్ మోగుతుంది.

రెండోది, అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ వచ్చే ర్యాలీలో మళ్లీ ఎదురుపడతారు. ఆ ఎరుక ఉన్నచోట మాట కాస్త జాగ్రత్తగా వస్తుంది.

మూడోది చాలామందికి తట్టదు. పత్రిక అచ్చయి నిలిచిపోతుంది. బుగాటి ఓనర్స్ క్లబ్ 1929లో, వెటరన్ కార్ క్లబ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ 1930లో, హార్స్‌లెస్ కారేజ్ క్లబ్ ఆఫ్ అమెరికా 1937లో పుట్టాయి. అంత పాత క్లబ్బుల సంచికల్లో అప్పటి ప్రకటన ఒకటి దొరికిందంటే, ఆ కారు ఆ ఏడాది ఏ రంగులో ఉందో, ఏ ఇంజిన్‌తో ఉందో, ఎవరి చేతిలో ఉందో చెప్పే సాక్ష్యం దొరికినట్టే. కారు చరిత్ర కూర్చేవాళ్లు పాత సంచికలు తిరగేసేది అందుకే. మీరు ఈరోజు రాసే నాలుగు వాక్యాలు ఎప్పటికో ఒకప్పుడు ఎవరో తెలియని మనిషికి ఆధారం కావచ్చు. నేను ప్రకటనల విషయంలో ఇంత పట్టుబట్టేది దీనికోసమే. కింద ఇచ్చిన జవాబులన్నిటికీ మూలం ఈ మాటే.

సభ్యుణ్ని కాకపోయినా ప్రకటన ఇవ్వొచ్చా?

చాలా క్లబ్బులు ఇవ్వనిస్తాయి, రుసుము తీసుకుంటాయి. సభ్యులకు సాధారణంగా ఉచితం. కార్ల వ్యాపారం చేసేవాళ్లు మాత్రం ఆ సంగతి ప్రకటనలోనే చెప్పాలి. చాలా దేశాల్లో వ్యాపారి దగ్గర కొంటే వినియోగదారుకు చట్టం ఇచ్చే రక్షణ ఒకలా, మామూలు మనిషి దగ్గర కొంటే మరోలా ఉంటుంది.

ఎప్పటిలోగా పంపాలి?

పత్రికలో వేసిన గడువు తేదీలోగా. ఆ తేదీకీ పత్రిక మీ చేతికి వచ్చే రోజుకీ మధ్య కొన్ని వారాలు పడుతుంది, రెండు నెలలకోసారి వచ్చే పత్రికైతే ఆ ఎడం ఇంకా తెలుస్తుంది. కాబట్టి "ఈ ఆదివారం వచ్చి చూడొచ్చు" లాంటి మాటలు రాయకండి. ఈలోగా కారు అమ్ముడైతే వెంటనే కబురు చేయండి. అమ్ముడుపోయిన కారు కోసం వచ్చే ఫోన్లు మీకూ విసుగే, చేసేవాళ్లకూ విసుగే.

ప్రకటనలో ఏం రాయాలి?

నాకు తరచుగా వచ్చే ప్రకటన ఇలా ఉంటుంది: "ఎంజీబీ అమ్మకానికి. సూపర్ కండిషన్. చూస్తే వదలరు. ఆసక్తి ఉన్నవాళ్లు ఫోన్ చేయండి." ఇందులో కారు గురించి చెప్పింది దాని పేరొక్కటే. అదే కారుకు ఇలా రాయొచ్చు:

"ఎంజీబీ రోడ్‌స్టర్, 1966. ఐదు బేరింగుల ఇంజిన్, ఓవర్‌డ్రైవ్, వైర్ వీల్స్. డైనమో, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపిన వైరింగ్) కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి. మొదట్లో తెల్లరంగు, ఇప్పుడు ఎరుపు. రెండు వైపులా డోరు కింది సిల్స్ మార్చాం, పని జరుగుతున్నప్పటి ఫోటోలు ఉన్నాయి. సెకండ్ గేర్‌లోకి దిగేటప్పుడు కరకరమంటుంది. హుడ్ (మడిచే గుడ్డ పైకప్పు) వెనక అద్దం పసుపెక్కింది. టైర్లు 2014 నాటివి, మార్చుకోవాలి. బిల్లులన్నీ ఉన్నాయి."

ఇది చదివిన మనిషికి కారు కళ్లముందు కడుతుంది. తాను ఏం బాగుచేసుకోవాలో, ఏం చేసుకోనక్కర్లేదో అప్పుడే లెక్క వేసుకుంటాడు. చూడటానికి వచ్చేవాళ్లు తగ్గుతారు, వచ్చినవాళ్లు మాత్రం కొనాలని వస్తారు.

కారు తయారైన ఏడాది వేరు, మొదటిసారి రిజిస్టర్ అయిన ఏడాది వేరు. రెండూ తెలిస్తే రెండూ రాయండి. మీటరు మీద అంకె రాసేటప్పుడు "మీటరు చూపుతున్నది" అనే రాయండి. పాత కార్లలో చాలావాటికి మీటరులో ఐదు అంకెలే ఉంటాయి, 99,999 దాటగానే మళ్లీ సున్నాల నుంచి మొదలవుతుంది. 32,000 కనిపిస్తే అది 1,32,000 కూడా కావచ్చు. మీ దగ్గర పాత సర్వీసు పుస్తకాలు ఉండి ఆ అంకె నిజమని చూపగలిగితే, ఆ పుస్తకాలు ఉన్నాయని రాయండి.

పెట్రోలు సంగతి కూడా ఒక వాక్యంలో చెప్పాలి. సీసం కలిపిన పెట్రోలు రోడ్డు వాహనాలకు అమ్మడం 2021లో అల్జీరియా కూడా ఆపేయడంతో ప్రపంచమంతటా ఆగిపోయింది. పాత ఇంజిన్లలో వాల్వ్ సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) అరిగిపోకుండా కాపాడింది ఆ సీసమే. సిలిండర్ హెడ్‌లో గట్టి వాల్వ్ సీట్లు వేయించారా, వేయించకుండా ఏదైనా మందు కలిపి నడుపుతున్నారా అన్నది కొనేవాళ్లు తప్పక అడుగుతారు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరు గొట్టాలను మెత్తబరిచి, చీలికలు తెస్తుంది. గొట్టాలు మార్చారా లేదా కూడా రాస్తే ఇంకా మంచిది. ఇది నిప్పుతో ముడిపడిన విషయం.

లోపాలన్నీ రాసేస్తే కొనేవాళ్లు వెనక్కి పోరా?

కొందరు పోతారు. వాళ్లు కారు దగ్గరికొచ్చి బానెట్ ఎత్తాక ఎలాగూ పోయేవాళ్లే. మీకు ఒక పూట మిగిలింది, వాళ్లకు ప్రయాణం మిగిలింది.

అంతకంటే ముఖ్యమైన సంగతి, రాసిన లోపం ధరలోనే సర్దుకుంటుంది, దాచిన లోపం నమ్మకాన్ని తినేస్తుంది. సెకండ్ గేర్ కరకర గురించి ముందే చదివి వచ్చినవాడు గేర్‌బాక్స్ పనికి ఎంతవుతుందో అడుగుతాడు. అక్కడికొచ్చాక తనే కనిపెట్టినవాడు ఇంకా ఏమేం దాచారోనని కారంతా వెతుకుతాడు. రెండోవాడితో బేరం కుదరడం కష్టం.

తుప్పు విషయంలో అయితే రాజీ వద్దంటాను. విడిగా చట్రం లేకుండా బాడీయే బరువంతా మోసే పాతకాలపు యూనిటరీ బాడీ కార్లలో డోరు కింది సిల్, ఫ్లోర్, వెనక స్ప్రింగులు బిగించిన చోటు, ఇవే కారును నిలబెట్టే ఎముకలు. అక్కడ పుట్టీ పూసి రంగు వేసి "బాడీ సాలిడ్" అని రాయడం ఎదుటివాళ్ల ప్రాణంతో ఆడుకోవడం. మీకు తెలియకపోతే "కింద పరీక్ష చేయించలేదు" అని రాయండి. అదీ నిజాయితీయే.

ఛాసిస్ నంబర్ ప్రకటనలో వేయాలా? దొంగలు వాడుకుంటారని భయం.

ఆ భయంలో అర్థముంది. వేరే కారుకు ఆ నంబర్ తగిలించి అమ్మే మోసాలు ఉన్నాయి. నేను అనుసరించే పద్ధతి చెబుతాను. పూర్తి నంబర్ నాకు పంపమంటాను, అచ్చులో చివరి కొన్ని అంకెలు తీసేసి వేస్తాను, పూర్తి నంబర్ క్లబ్ రిజిస్టర్‌లోకి వెళ్తుంది. కొనేవాళ్లు ఎవరో తెలిశాక వాళ్లకు మీరే చెప్పొచ్చు. చరిత్రకూ నష్టం లేదు, మీకూ ఇబ్బంది లేదు.

పంపేటప్పుడు మాత్రం పాత కాగితాల్లోంచి ఎత్తి రాయకండి, కారు దగ్గరికి వెళ్లి చూసి రాయండి. ఇప్పటి కార్లకు 17 అక్షరాల నంబర్ ఉంటుంది. అమెరికాలో 1981 మోడళ్ల నుంచి అది తప్పనిసరి అయింది. అంకెలతో కలిసి గందరగోళం పుట్టకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అంతకు ముందు ఏ కంపెనీ పద్ధతి ఆ కంపెనీది. సున్నానో, ఓ అక్షరమో, ఒకటో, ఐ అక్షరమో తేడా తెలియక రిజిస్టర్లలో ఒకే కారు రెండుగా నమోదైన సందర్భాలు చూశాను.

ప్లేటు మీద ఉన్న నంబర్‌నూ, లోహంలో కొట్టిన నంబర్‌నూ రెంటినీ చూడండి. ప్లేటును రెండు రివెట్లు తీస్తే మార్చేయొచ్చు, లోహంలో కొట్టింది మార్చడం అంత తేలిక కాదు. వోక్స్‌వాగన్ బీటిల్‌లో అయితే వెనక సీటు ఎత్తితే, కారు నేల మధ్యన పొడవునా ఉబ్బి ఉండే సొరంగం లాంటి భాగం మీద కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న మట్టినీ జిడ్డునీ మెత్తటి గుడ్డకు కాస్త కిరోసిన్ అద్ది తుడవండి, ఇనుప బ్రష్‌తో గీకకండి. తర్వాత టార్చిని ఎదురుగా పట్టకుండా పక్కనుంచి, లోహానికి దాదాపు ఆనించినట్టు పట్టుకోండి. అరిగిపోయిన అంకె గుంటల్లో నీడ పడి, అప్పటిదాకా కనిపించనిది చదవడానికి వీలవుతుంది. ఆ వెలుగులోనే ఫోటో తీసి నాకు పంపండి.

"ఒరిజినల్", "మ్యాచింగ్ నంబర్స్", "రీస్టోర్డ్" అనే మాటలు ఎప్పుడు రాయాలి?

రుజువు చూపగలిగినప్పుడే. మ్యాచింగ్ నంబర్స్ అంటే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు ఏ ఇంజిన్ ఉందో అదే ఇప్పుడూ ఉంది అని. రిజిస్ట్రేషన్ పుస్తకంలోనూ ఇంజిన్ మీదా ఒకటే నంబర్ ఉంటే సరిపోదు, మధ్యలో ఎవరో ఇంజిన్ మార్చి పుస్తకంలో దిద్దించి ఉండొచ్చు. ఫ్యాక్టరీ రికార్డుతో సరిచూడాలి. ఎంజీ, ఆస్టిన్, మోరిస్ లాంటి చాలా బ్రిటిష్ కార్లకు ఇంగ్లండ్‌లో గేడన్ దగ్గరున్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత తయారీ రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. రికార్డు మిగిలి ఉంటే తయారైన తేదీ, మొదటి రంగు, ఇంజిన్ నంబర్ లాంటి వివరాలు అందులో తెలుస్తాయి. ఇంకా కొన్ని కంపెనీలు తమ పాత కార్లకు స్వయంగా ఇలాంటివి ఇస్తాయి. మీ కారుకు అలాంటి ఏర్పాటు ఉంటే ప్రకటనకు ముందే తెప్పించుకోండి, ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది.

ఫీవా గుర్తింపు కార్డు ఉందా అని కూడా అడుగుతారు. ఫీవా 1966లో ఏర్పడిన అంతర్జాతీయ చారిత్రక వాహనాల సమాఖ్య. కనీసం 30 ఏళ్లు నిండి, చారిత్రకంగా సరైన స్థితిలో కాపాడుకుంటూ, రోజువారీ తిరుగుళ్లకు వాడనిదాన్ని అది చారిత్రక వాహనంగా లెక్కిస్తుంది. కార్డు ఉంటే రాయండి. కానీ అది కారు మీదే అనడానికి రుజువు కాదు.

"రీస్టోర్డ్" అంటే ఎప్పుడు, ఎంతవరకు? 20 ఏళ్ల కింద రంగు వేయించి, సీట్లు కుట్టించి ఉంటే అది ఇప్పుడు పాత పనే. ఏడాది రాయండి, ఏమేం చేశారో రాయండి. ముట్టుకోకుండా మొదటి రంగుతో, అరిగిన సీట్లతో మిగిలిన కారును చాలామంది తక్కువచేసి రాస్తుంటారు. అలా రాయకండి. మెరిసే కారు డబ్బు పెడితే తయారవుతుంది, ముట్టుకోని కారు మళ్లీ తయారు కాదు.

ధర వేయాలా, "ఫోన్‌లో మాట్లాడుకుందాం" అంటే సరిపోతుందా?

వేయండి. ధర లేని ప్రకటన చూసినవాళ్లలో సగం మంది ఫోన్ చేసి ధర వినగానే పెట్టేస్తారు, మిగతా సగం మంది అసలు చేయరు. బేరానికి చోటుంటే ఆ మాట పక్కన చేర్చండి.

ధర కట్టేటప్పుడు రెండు చోట్ల పొరబాటు జరుగుతుంది. వేలంలో పలికిందని వార్తల్లో వచ్చే అంకెలో సాధారణంగా కొన్నవాళ్లు వేలం సంస్థకు కట్టే కమిషన్ కూడా కలిసి ఉంటుంది, అమ్మినవాళ్ల చేతికి వచ్చింది అంతకంటే తక్కువ. ఇన్సూరెన్స్ కోసం ఒప్పుకున్న విలువ కూడా అమ్మకపు ధర కాదు. అది కారు పోతే అలాంటిదే మళ్లీ సంపాదించుకోవడానికి వేసుకున్న లెక్క. పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగిరావాలని కోరుకోవడం సహజమే, వచ్చేది మాత్రం అరుదు. ఆ ఖర్చుతో ఇన్నేళ్లూ మీరు కారు నడుపుకున్నారు.

ఫోటో ఎలా తీయాలి?

ఒక్కటే వేస్తారు కాబట్టి ముందు మూల నుంచి, ఒక పక్కా ముందు భాగమూ రెండూ కనిపించేలా, నడుమెత్తున కెమెరా పట్టి తీయండి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు వద్దు. తడి కారు ఫోటో పంపకండి, తడిలో పాలిపోయిన రంగు కూడా కొత్తగా కనిపిస్తుంది. కారు పక్కన నిలబడ్డ పిల్లల్ని, రిజిస్ట్రేషన్ నంబర్‌నీ అచ్చులో వేయాలా వద్దా మీరే చెప్పండి.

విడిభాగాల ప్రకటనలో ఏం జాగ్రత్తలు?

కారు ప్రకటన కంటే ఇక్కడే ఖచ్చితత్వం ఎక్కువ కావాలి. పేరు ఒకటే, ఏడాది మారితే భాగం మారిపోతుంది.

ఫ్రెంచి కారు సిట్రోయెన్ డీఎస్ సంగతే తీసుకోండి. 1955లో వచ్చిన ఆ కారులో సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్ అన్నీ ఒకే హైడ్రాలిక్ వ్యవస్థ మీద నడుస్తాయి. మొదట ఎర్ర ద్రవం వాడేవారు, 1960ల రెండో సగంలో ఖనిజ నూనెతో చేసిన ఆకుపచ్చ ద్రవానికి మారారు. ఎర్ర ద్రవానికి చేసిన సీళ్లు ఆకుపచ్చలో పాడైపోతాయి, ఆకుపచ్చకు చేసినవి ఎర్రదానిలో పాడైపోతాయి. బ్రేకులు కూడా అదే ద్రవం మీద ఆధారపడ్డాయని గుర్తుంచుకోండి. "డీఎస్ హైడ్రాలిక్ పంప్ అమ్మకానికి" అని మాత్రమే రాస్తే అది ప్రమాదకరమైన ప్రకటన. ఆకుపచ్చ వ్యవస్థ భాగాలకు కంపెనీ ఆకుపచ్చ రంగు వేసేది. అయినా ఎవరైనా మళ్లీ రంగు వేశారేమో చూసి, ఏ ద్రవం ఉన్న కారు నుంచి తీశారో రాయాలి.

బీటిల్‌లో ఇంజిన్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం, ఫ్లైవీల్‌దీ ఇదే కథ. 6 వోల్టుల కారుదానికి 109 పళ్లు, 12 వోల్టులదానికి 130 పళ్లు. బయటికి ఒకేలా కనిపిస్తాయి. పళ్లు లెక్కపెట్టి ఆ అంకె రాస్తే ఎవరూ అడగాల్సిన పనే ఉండదు.

భాగం మీద కొట్టిన నంబర్ రాయడం అలవాటు చేసుకోండి. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ల (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మీద భాగం నంబర్‌తో పాటు తయారైన వారం, ఏడాది కూడా ఉంటాయి. తన కారు తయారైన నెలకు సరిపోయే డిస్ట్రిబ్యూటర్ కోసం ఏళ్లుగా వెతికేవాళ్లు ఉన్నారు, ఆ నాలుగంకెలు చూసి ఎగిరి గంతేస్తారు.

కంపెనీ డబ్బాలో వాడకుండా ఉండిపోయిన పాత సరుకుకు మంచి గిరాకీ. లోహపు భాగాలైతే సరే. రబ్బరు అలా కాదు, డబ్బాలో ఉన్నా గట్టిపడి చిట్లుతుంది. దశాబ్దాలనాటి బ్రేక్ గొట్టాలు, సీళ్లు నడిపే కారుకని ప్రకటించకండి. పాత బ్రేక్ లైనింగ్‌లలో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని అమ్మకాన్ని చాలా దేశాలు నిషేధించాయి. అలాంటి ప్రకటన వస్తే నేను వేయను.

"కావలెను" ప్రకటనకు ఎవరైనా స్పందిస్తారా?

స్పందిస్తారు, ఎదురుచూడటం తెలిసుండాలి. ఎక్కువమంది ఇంట్లో ఏమున్నాయో మరిచిపోయి ఉంటారు. మీ ప్రకటన చదివాకే అటక మీది పెట్టె గుర్తొస్తుంది. కాబట్టి "విడిభాగాలు కావలెను" అనకుండా ఒక్క భాగం పేరు చెప్పండి, అదెందుకో కూడా ఒక ముక్క రాయండి. "నాన్న కొన్న కారును మళ్లీ రోడ్డెక్కిస్తున్నాం, కుడి డోరు లోపలి హ్యాండిల్ ఒక్కటే మిగిలింది" అని ఒకసారి ఒకరు రాశారు. తర్వాత సంచిక రాకముందే ఆయనకు హ్యాండిల్ దొరికింది, ఇచ్చినవాళ్లు డబ్బు కూడా తీసుకోలేదు.

ఒక హెచ్చరిక. ఈ ప్రకటనలే మోసగాళ్లకు తేలికైన వల. ప్రకటన రాగానే "మీరడిగింది నా దగ్గరుంది, డబ్బు పంపితే పార్సెల్ చేస్తాను" అని ముక్కూముఖం తెలియనివాళ్లు రాస్తారు. ఫోటో కూడా పంపుతారు, అది ఎక్కడినుంచో తెచ్చిందే. ఒక కాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ రాసి భాగం పక్కన పెట్టి, ఇంకో కోణంలో ఫోటో తీయమనండి. నిజంగా ఉన్నవాళ్లు ఐదు నిమిషాల్లో పంపుతారు. లేనివాళ్లు సాకులు చెబుతారు. సాకు వినిపిస్తే అక్కడితో వదిలేయండి.

అమ్మేవాళ్లకు ఎలాంటి మోసాలు ఎదురవుతాయి?

కారు చూడకుండానే అడిగినంత ఇస్తామనేవాళ్లు, అడిగినదానికంటే ఎక్కువకు చెక్కు పంపి "మిగిలింది రవాణా మనిషికి ఇవ్వండి" అనేవాళ్లు. చెక్కు జమ అయినట్టు కనిపించాక కూడా వెనక్కి పోవచ్చు, మీరు ఇచ్చిన మిగులు మాత్రం తిరిగి రాదు. బ్యాంకు వాళ్లే డబ్బు ఖరారైందని చెప్పేదాకా కారు, కాగితాలు, తాళం ఏదీ కదలకూడదు. టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చే ముందు వచ్చినవాళ్ల లైసెన్స్ చూడండి, మీ ఇన్సూరెన్స్ వాళ్లకు వర్తిస్తుందో లేదో కనుక్కోండి. మీరు పక్కన కూర్చోండి.

ప్రకటన చూసి కారు చూడటానికి వెళ్తున్నాను. ఏం గమనించాలి?

మీరు వెళ్లేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. చల్లగా ఉన్న ఇంజిన్ ఎలా అందుకుంటుంది, పొగ ఏ రంగు, ఆయిల్ ప్రెషర్ ఎంత, ఇవి అప్పుడే తెలుస్తాయి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఎందుకో అడగండి.

జేబులో చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి పల్చటి గుడ్డ తీసుకెళ్లండి. డోరు అడుగున, చక్రాల పైన, సిల్ పొడవునా మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. కాస్త పుట్టీ ఏ పాత కారులోనైనా ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. అరచేయంత మేర పట్టు దొరకకపోతే మాత్రం కింద పడుకుని చూడాల్సిందే. అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ బాడీలకు ఈ పరీక్ష పనికిరాదు.

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. చివర మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది. ట్రెడ్ ఎంత నిండుగా ఉన్నా ఆ టైర్ల మీద ఇంటిదాకా నడిపి తీసుకెళ్లకండి, బండి మీద వేయించుకుని వెళ్లండి.

ప్రకటన ఉన్న పేజీ చేతిలో పట్టుకుని ఒక్కో మాటా కారు మీద చూపించమని అడగండి. మంచివాళ్లు ఏమీ అనుకోరు.

నాన్నగారు పోయారు. గ్యారేజీలో కారు, పెట్టెల నిండా సామాన్లు ఉన్నాయి. మాకేమీ తెలియదు.

అన్నిటికంటే జాగ్రత్తగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. మొదట, తొందరపడకండి. కారు మీద గుడ్డ కప్పి, బ్యాటరీ తీగ విప్పేసి ఉంచితే కొన్ని నెలలకు దానికేమీ కాదు.

రెండోది, ఏదీ పారేయకండి. ముఖ్యంగా కాగితాలు. నూనె మరకల నోటుబుక్కు, పాత బిల్లులు, వెనకాల ఏదో రాసి ఉన్న ఫోటోలు, క్లబ్ బ్యాడ్జీలు, కారు విలువలో ఇవీ భాగమే. తుప్పు పట్టినట్టున్న పెట్టెలో ఇప్పుడెక్కడా దొరకని కార్బురేటర్ ఉండొచ్చు. పెట్టెలు కలిపేయకండి. ఆయన ఏది ఎక్కడ పెట్టారో అందులోనే ఏ భాగం ఏ కారుదన్న సమాచారం దాగి ఉంటుంది. కదిపే ముందు అరలన్నిటికీ ఫోటోలు తీయండి.

మూడోది, ఓదార్చడానికి వచ్చి కారు అడిగేవాళ్లకు వెంటనే మాట ఇవ్వకండి. చాలామంది మంచి మనసుతోనే అడుగుతారు, అయినా సరే. క్లబ్‌కు రాస్తే తెలిసినవాళ్లను ఇద్దరిని పంపి ధర అంచనా వేయించగలరు. అంచనా వేసినవాళ్లు కొనకూడదు, ఈ నియమాన్ని నేను ఎవరికోసమూ సడలించను. తర్వాత కారు ఒక ప్రకటనగా, పనిముట్లు, పుస్తకాలు, విడిభాగాలు వేరే ప్రకటనలుగా వేద్దాం. కారుతో పాటు దానికి సంబంధించిన కాగితాలు మాత్రం విడదీయం. మీకు ఫోన్లు ఎత్తే ఓపిక లేకపోతే క్లబ్ నంబర్ వేసి, వచ్చినవాళ్లను మేమే చూసి పంపుతాం.

ప్రకటనలో చెప్పింది అబద్ధమైతే క్లబ్ బాధ్యత వహిస్తుందా?

లేదు. క్లబ్ కారును పరీక్షించదు, ఒప్పందం ఇద్దరి మధ్యే. కానీ ఫిర్యాదు వస్తే మాకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇరువైపులా వింటాం. తెలిసీ అబద్ధం రాశారని తేలితే వాళ్ల ప్రకటన ఇకపై వేయం.

కారు అమ్ముడుపోయింది. ఇంకేమైనా చేయాలా?

యాజమాన్యం మార్పు కాగితాలు మీ దేశ చట్టం ప్రకారం అదే రోజు పంపండి, కొన్నవాళ్లు పంపుతారని వదిలేయకండి. మీరు అమ్మినట్టు, వాళ్లు కొన్నట్టు, తేదీ, సమయం, మీటరు అంకెతో రసీదు రెండు కాపీలు రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి.

బిల్లులు, పాత ఫోటోలు, మీరు నేర్చుకున్న చిట్కాలు కారుతోనే పంపించేయండి. పాత యజమానులు ఎవరో తెలిస్తే వాళ్ల పేర్లు, వాళ్లు సరేనంటే, కొత్తవాళ్లకు చెప్పండి. తర్వాత నాకు ఒక చీటీ రాయండి: ఏ నంబర్ కారు, ఏ తేదీన చేతులు మారింది, అప్పుడు ఏ రంగులో, ఏ ఇంజిన్‌తో ఉంది. కొన్నవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల చిరునామా కూడా. క్లబ్ రిజిస్టర్‌లో మీ పేరు కింద వరుసలో అది రాసుకుంటాను.